మెహదీపట్నం టు నానక్‌రాంగూడ.. సీటు కింద ఒక ట్యూబు

పంక్చర్ సామాను నా దగ్గర లేక కాదు. ఉంది. మంచిదే ఉంది. కొత్త ట్యూబు, ప్యాచులు, సొల్యూషన్, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు, చేతిలో పట్టేంత పంపు. అన్నీ ఒక సంచిలో, ఆ సంచి నా బ్యాక్‌ప్యాక్‌లో, ఆ బ్యాక్‌ప్యాక్ మెహదీపట్నంలో నా రూము గోడ మీద మేకుకి. నేను మాత్రం రాత్రి ఏడున్నరకి నార్సింగి దాటి, వానలో, గాలి పోయిన వెనక చక్రంతో నిలబడి ఉన్నా.

ఆ రోజు ఆఫీసులో ఏదో మీటింగ్ అని కొంచెం నీటుగా ఉండే చిన్న బ్యాగు వేసుకెళ్లా. అంతే. తప్పు అంత చిన్నది.

నా దారి చెప్తాను. మెహదీపట్నం నుంచి రేతిబౌలి, నానల్‌నగర్, లంగర్‌హౌజ్. బస్సులు, షేర్ ఆటోలు, తోపుడుబళ్లు.. ఇక్కడిదాకా సైకిల్ తొక్కడం అంటే సందులు వెతుక్కోవడమే. లంగర్‌హౌజ్‌లోనే బాపూ ఘాట్ ఉంది, మూసీ, ఈసీ కలిసే చోటు. 1948లో గాంధీగారి అస్థికలు కలిపింది అక్కడే. నేను అటు వెళ్లను, గండిపేట రోడ్డు పట్టుకుంటా. ఇబ్రహీంబాగ్, ఎత్తు మీద తారామతి బారాదరి, తర్వాత నార్సింగి. అదే రోడ్డు వదలకుండా తిన్నగా పోతే 1908 వరదల తర్వాత మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ వస్తుంది. ఆదివారం అటు, మిగతా రోజులు ఇటు. నార్సింగిలో కుడి పక్కకి తిరిగితే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. 2023 అక్టోబరులో తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకొకటి.

ఆ ట్రాక్ మీద పొద్దున పూట వచ్చే జనాన్ని చూస్తే మీకు నవ్వొస్తుంది. లక్షల సైకిళ్లు, రంగు రంగుల జెర్సీలు. ట్రాక్ దాకా కారు మీద సైకిల్ కట్టుకొచ్చి, తొక్కి, మళ్లీ కారెక్కి పోతారు. తప్పని అనడం లేదు. కానీ వాళ్ల పంక్చర్ వేరు, మన పంక్చర్ వేరు. వాళ్లకి పంక్చర్ అయితే ఆ రోజు వ్యాయామం తగ్గుతుంది. ఆఫీసుకి తొక్కేవాడికి పంక్చర్ అయితే ఎవరో ఒకరు ఎక్కడో ఒక చోట ఎదురు చూస్తూ ఉంటారు.

ఆ రాత్రి ఎదురు చూస్తున్నది మా నాయిన.

మిర్యాలగూడ నుంచి వస్తున్నాడు, మర్నాడు కంటి పరీక్ష. ఎనిమిదికల్లా రూముకి చేరతానన్నాడు. నేను ఏడుకే ఆఫీసులో బయల్దేరా, ఎనిమిది లోపే ఉంటా అని లెక్క. రూము తాళం చెవి ఒకటే, నా జేబులో. కింద ఉండే ఓనర్ వాళ్లు పెళ్లికి వెళ్లారు. నాయినకి షుగర్. టైముకి తినకపోతే చేతులు వణుకుతాయి.

ట్రాక్ ఉన్నంతసేపు వాన తెలియలేదు, నార్సింగిలో బయటికొచ్చాక తెలిసింది. తారామతి ఇంకా రాకముందే వెనక చక్రం మెత్తబడింది. ఫోన్ లైటు వేసి చూస్తే టైరులో గుండుసూదికన్నా సన్నటి ఇనుప తీగ. లారీల టైర్లు అరిగి పగిలినప్పుడు లోపలి ఉక్కు తీగలు ఇలా ముక్కలై రోడ్డంతా పడతాయి. గాజుపెంకు అయితే కనిపిస్తుంది, తుమ్మముల్లు అయితే చేతికి తగులుతుంది, ఈ తీగని పట్టుకోవాలంటే గోళ్లతో తడుముకోవాల్సిందే.

మొదటి పంక్చర్ షాపు మూసేసి ఉంది. రెండోది తెరిచే ఉంది. "ట్యూబ్ పని బంద్ చేసినం తమ్మీ, ట్యూబ్‌లెస్ ఒక్కటే" అన్నాడు. క్యాబ్ బుక్ అవుతోంది, సైకిల్ ఉందనగానే క్యాన్సిల్ అవుతోంది. సైకిల్‌ని ఏ స్తంభానికో కట్టేసి ఒక్కణ్నే పోదామంటే, తాళం? అది కూడా ఆ మేకుకున్న బ్యాగులోనే! ఇప్పుడు ఆలోచిస్తే సైకిల్‌ని అక్కడే పారేసి పోవాల్సింది. అప్పుడు మాత్రం ఇంకా మిగిలిన నాలుగు ఈఎంఐలు గుర్తొచ్చాయి. సిగ్గుగానే చెప్తున్నా.

నాయిన ఫోన్ చేశాడు. "మెట్ల మీద కూసున్న. వాన గట్టిగున్నది, నువ్వు నిమ్మలంగ రా" అన్నాడు. తర్వాత ఆ ఫోన్ స్విచాఫ్.

మూడు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచా. చివరికి కూరగాయలు దింపి ఖాళీగా పోతున్న ఒక ట్రాలీ ఆటో ఆగింది. నాలుగు వందలు. రూముకి చేరేసరికి పది. నాయిన మెట్ల మీద గోడకి ఆనుకుని ఉన్నాడు, చొక్కా అంతా చెమట. వాన రాత్రి, చల్లగాలిలో, చెమట. పక్కింటివాళ్లు నీళ్లిచ్చారట, తిండి అడగడానికి మొహమాటపడ్డాడు. కిందికి ఉరికి కిరాణా షాపులో గ్లూకోజ్ ప్యాకెట్ తెచ్చి నీళ్లలో కలిపి తాగించా. గ్లాసు నేనే పట్టుకున్నా. పావుగంటకి మనిషి తేరుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పొద్దున్నే లేచి చూస్తే సైకిల్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"సామాను లేదా నీ దగ్గర?"

"ఉంది నాయినా. బ్యాగులో."

"బండి సామాను బ్యాగుల ఎందుకుంటదిరా? బండి మీద ఉండాలె గని."

మా నాయిన ఇరవై ఏళ్లు స్కూల్లో అటెండరు. రోజూ తొమ్మిది కిలోమీటర్లు పోవడం, రావడం, ఇరవై నాలుగు అంగుళాల పాత సైకిల్ మీద. దాని సీటు వెనక చిన్న తోలు సంచి వేలాడేది. అందులో ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. అడిగితే చెప్పాడు: గరుకు కాగితం ముక్క, సొల్యూషన్, పాత ట్యూబు కత్తిరించిన ముక్కలు, వాల్వులో వేసే సన్న రబ్బరు గొట్టం రెండంగుళాలు, ఒక స్పానర్. పంపు ఫ్రేముకి.

ఆయన నా పంక్చరైన ట్యూబునే అడ్డంగా కత్తిరించి, రెండు వేళ్ల వెడల్పు రింగులు నాలుగు తీశాడు. కొత్త ట్యూబుని గట్టిగా చుట్టి, పాల ప్యాకెట్ కడిగి అందులో దూర్చి, పాత సాక్సులో పెట్టి, సీటు కింద కమ్మీలకి ఆ రబ్బరు రింగులతో బిగించాడు. ప్యాచ్ వేసుకోవాల్సిన ట్యూబు కదా నాయినా అంటే, "ఇరవై రూపాయల లాభానికి చూస్తవా" అన్నాడు. ముందు రాత్రి నాలుగు ఈఎంఐల కోసం చూసినవాణ్ని, నోరు మెదపలేదు.

నేను ఊరుకోలేదు లెండి. ఆన్‌లైన్‌లో మంచివి దొరుకుతుంటే సాక్సు ఏంటి అనుకున్నా. జిప్పున్న సీటు బ్యాగు కొన్నా. మూడు వారాలు. ఒక సాయంత్రం ఆఫీసు పార్కింగ్‌కి వచ్చి చూస్తే బ్యాగు లేదు, వెల్క్రో పట్టీ కూడా లేదు. తర్వాత ఫ్రేము మధ్యలో కట్టే మూడు మూలల బ్యాగు. నిండా నింపితే తొక్కినప్పుడల్లా మోకాలికి రాసుకుంటుంది, అదీగాక స్పానర్ ఒకటే గలగల. హ్యాండిల్ బ్యాగు అయితే స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాన్ని పక్కకి లాగేది. తిరిగి తిరిగి సాక్సుకే వచ్చా. ఆ మురికి సాక్సుని ఇప్పటిదాకా ఎవ్వరూ ముట్టుకోలేదు!

ఇప్పుడు నా సైకిల్ మీద ఉన్నది ఇదీ. సీటు కింద సాక్సులో ట్యూబు, రెండు లివర్లు, 15 నంబర్ స్పానర్. నా వెనక చక్రానికి నట్లు ఉన్నాయి, స్పానర్ లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే. మీ చక్రానికి మడిచి విప్పే లివర్ ఉంటే ఆ బరువు మీకు అక్కర్లేదు. ట్యూబుని స్పానర్ పక్కన ఊరికే పడేయకండి. రోజూ కుదుపులకి ఇనుము రాసుకుని, అవసరం పడేనాటికి కొత్త ట్యూబుకే చిల్లు ఉంటుంది. సాక్సు అందుకే, అందానికి కాదు.

ఫ్రేముకి రెండో బాటిల్ పెట్టే కేజ్ ఉంది. అందులో వెడల్పు మూతి ఉన్న పాత బాటిల్. దాంట్లో ప్యాచులు, గరుకు కాగితం, సొల్యూషన్, పాత టైరు నుంచి కోసిన చిన్న ముక్క. టైరే చీలితే లోపల అడ్డం పెట్టడానికి ఈ ముక్క. గలగలలాడకుండా పైన పాత బనీను గుడ్డ, చేతులు తుడుచుకోవడానికీ అదే. సొల్యూషన్ సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి మూత విప్పాక కొన్ని నెలలకి అది లోపలే ఎండిపోతుంది, పైకి ట్యూబు మాత్రం నిండుగానే కనిపిస్తుంది. అందుకే విప్పనిది ఒకటి ఎప్పుడూ ఉంచుతా.

పంపు ఆ కేజ్ పక్కనే, నాయిన తీసిన రింగుల్లో రెండింటితో. మన దగ్గర చాలా మామూలు సైకిళ్లకి బైకు వాల్వు లాంటిదే వస్తోంది కాబట్టి పెట్రోల్ బంకులో గాలి పడుతుంది. కానీ బంకు దాకా పోవడానికి కూడా గాలి కావాలి కదా. ప్యాచుల డబ్బాలో మడిచిన రెండు వందల నోటు. ట్రాలీ ఆటో కోసం.

తాళం? అదీ సీటు కింద గొట్టానికే చుట్టి ఉంటుంది. బ్యాగు ఏదైనా వేసుకోవచ్చిప్పుడు.

వానలో రోడ్డు పక్క ప్యాచ్ జోలికి నేను పోను. సొల్యూషన్ రాశాక జిగురు ఆరడానికి ఐదు నిమిషాలు ఆగాలి, తడి మీద అది అంటదు. తీగని వెతికి లాగేసి, ట్యూబు మార్చేసి, చిల్లు పడ్డదాన్ని రూముకి తెచ్చి బకెట్ నీళ్లలో ముంచి తీరిగ్గా వేసుకుంటా. మొదటిసారి మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది, అదీ ఫ్యాన్ కింద. ఇప్పుడు పదిహేను. ఒక్కసారైనా ఇంట్లో చేసి చూడండి, వీడియోలో చూసిన చేతులు మనవి కావు.

మొన్న నాయిన మళ్లీ వచ్చాడు, రెండో కంటికి. ఈసారి బస్టాండుకి నేనే వెళ్లా. రూముకి వచ్చాక చాయ్ కూడా తాగకుండా సైకిల్ దగ్గరికి పోయి సీటు కింద వేలు పెట్టి రబ్బరు లాగి చూశాడు. ఎండకి ఒక రింగు అంచు పగిలింది.

"ఇది తెగుతది," అన్నాడు. "పాత ట్యూబు ఏమన్న ఉన్నదా?"

ఉంది. ప్యాచులు వేసీ వేసీ పక్కన పెట్టింది. కత్తెర ఎక్కడుందో నేను వెతుకుతుంటే, ఆయన మెట్ల మీద కూర్చుని ట్యూబుని ఒళ్లో పరుచుకుంటున్నాడు.