వదినగారూ, రాత్రి ఆ పాట విన్నారా?

గోడ అవతలికి వినబడే ఉంటుంది లెండి. ‘అమ్మ దొంగా’ అండీ. మా మేనకోడలు ఫోనులో పెట్టింది. వేదవతీ ప్రభాకర్ గొంతు మొదలవగానే చేతిలో బియ్యం చాట పక్కన పెట్టేశాను. ఇంకేం పని సాగుతుంది చెప్పండి! పాట రాసిందీ, వరస కట్టిందీ పాలగుమ్మి విశ్వనాథం గారే. పిల్లని ముద్దు చేస్తున్నట్టే ఉంటుంది, ఇంతలో ఆ పిల్ల ఒకనాటికి గడప దాటి వెళ్లిపోతుందన్న దిగులు మెల్లగా లోపలికి దిగుతుంది. మా అమ్మ సరిగ్గా ఆ చరణానికి లేచి దొడ్లోకి వెళ్లిపోయేది. ఎందుకో మా పెద్దదాన్ని అత్తారింటికి పంపించాక గాని తెలియలేదు నాకు.

అది సినిమా పాట కాదు కదా వదినా, బందరు వెళ్లి హాల్లో చూసి రావడానికి. ఏ హీరోయిన్ మొహమూ గుర్తుకు రాదు. రేడియోలో వచ్చినప్పుడు వినడమే, లేకపోతే లేదు. అందుకే ఎవరి పాట వాళ్లకి సొంతమైపోయింది.

మా నాన్న మర్ఫీ రేడియో మీకు తెలుసుగా, అమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పి ఉండేది. స్విచ్చి వేస్తే లోపల వేడెక్కి పలకడానికి కాసేపు పట్టేది. వసారాలో ఈ గుంజకీ ఆ గుంజకీ కట్టిన రాగి వల ఏరియల్ సముద్రపు గాలికి పచ్చగా చిలుమెక్కిపోయేది. చింతపండు పెట్టి తోమడం నా పని. అయినా బెజవాడ ఖంగుమని పలికేది మనకి. మీడియం వేవు తడినేల మీద, అందులోనూ ఉప్పునీటి నేల మీద, బాగా సాగుతుంది. పైరుకి పనికిరాని చవుడు పాటకి పనికొచ్చింది చూడండి! రేడియో సిలోను మాత్రం షార్టువేవు కనక అలలాగా వచ్చిపోతూ ఉండేది. మీనాక్షీ పొన్నుదురై గారు తెలుగులో పాట పేరు చెబుతుంటే సగంలో గొంతు మాయమై, మళ్లీ తేలేది. చెవి రేడియోకి ఆనించి కూర్చునేవాళ్లం.

బెజవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడ రజని గారు, అదే బాలాంత్రపు రజనీకాంతరావు గారు, భక్తిరంజని పెట్టి తెల్లవారుజామున ఇళ్లకి ఇళ్లనే మేల్కొలిపారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారైతే జబ్బుచేసి తన గొంతు పోయాక కూడా మనందరి గొంతులకీ పాటలు రాసిపెట్టారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండిపోతుంది. హైదరాబాదు అందిన రోజున చిత్తరంజన్ గారి ‘ఈ పాట నేర్చుకుందాం’ వినేదాన్ని. ఒక్కో ముక్కా పాడించి, మళ్లీ మళ్లీ అనిపించి మరీ నేర్పేవారు. ఇంతమందిని ఒక్కసారి కూర్చోబెట్టి పాట నేర్పిన బడి ఇంకోటి లేదంటాను.

ఆ పెట్టెలోంచే తుపాను హెచ్చరికలూ విన్నాం. 77 నవంబరు 19 సంగతి మీకు నేను చెప్పాలా! ఉప్పెన తర్వాత దివి వైపు నుంచి మా దూరపు చుట్టం ఒకావిడ వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలు దక్కలేదు ఆవిడకి. ‘అమ్మ దొంగా’ వచ్చే సూచన తెలిస్తే చాలు, నాన్న గబగబా లేచి కట్టేసేవారు. మేమూ కిక్కురుమనేవాళ్లం కాదు. అలా చాన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం చేపలు బాగుచేస్తూ ఆవిడే, “ఉంచన్నయ్యా, విననీ” అంది. పాటంతా విని, పెదవుల్లోనే రెండు ముక్కలు అనుకుని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. ఆ రోజునుంచీ మా ఇంట్లో ఆ పాటని ఎవరూ ఆపలేదు. పాట మనిషికి ఏమవుతుందని ఎవరైనా అడిగితే నేను ఆవిణ్ణే చూపిస్తాను.

ఫోనులో ఎన్నిసార్లయినా వినొచ్చు, కాదనను. కానీ పాట చెవిదాకా వస్తే సరిపోదు వదినా, నోట్లోకి రావాలి. మీ మనవరాలికి గొంతుంది, మొన్న గుళ్లో విన్నాను. ఆదివారం పొద్దున్నే ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపించండి. ముందు రాయిస్తాను, తర్వాత ముక్కముక్కగా పాడిస్తాను. చరణం దిగి మళ్లీ పల్లవి అందుకునే చోట గొంతు కాస్త సడలాలి, గట్టిగా పట్టుకుంటే ముద్దు పోతుంది. అది ఎదురుగా కూర్చుని పాడి చూపిస్తే గాని రాదు. తొమ్మిదింటికల్లా పంపండి, ఆ తర్వాత ఎండెక్కిపోతుంది.