ఫిడేలు పట్టినంత మాత్రాన వయొలిన్ చెడదు

జానపద ఫిడేలు వాయిస్తే శాస్త్రీయ సాధన చేసిన చెయ్యి చెడుతుందని కొందరి భయం. స్కాట్లండ్ వయొలినిస్టు నికోలా బెనెడెట్టిని వింటే ఆ భయం నిలవదు. 2004లో, పదహారేళ్లకే స్వరకర్త షిమనోవ్‌స్కీ రాసిన వయొలిన్ కాన్చెర్టోతో బీబీసీ యంగ్ మ్యుజీషియన్ గెలిచిన ఆమె, 2014లో ‘హోమ్‌కమింగ్’ ఆల్బమ్‌లో స్వరకర్త బ్రుక్ రాసిన ‘స్కాటిష్ ఫాంటసీ’ పక్కనే జానపద బాణీలూ వాయించారు. అసలా ఫాంటసీ అల్లికే స్కాట్లండ్ పాటలతో!

జానపద శైలిలో కమాను నడక వేరన్నది నిజమే. స్ట్రాత్‌స్పే అనే స్కాటిష్ నాట్య బాణీలో పొట్టి స్వరం మీద ఊనిక, వెంటనే సాగే స్వరం. ఆ విసురు స్వరలిపికి పూర్తిగా చిక్కదు, చెవితోనే పట్టాలి. అలా పట్టిన చెయ్యి బ్రుక్ దగ్గరికి తిరిగొస్తే ఆ బాణీల పుట్టుక ఎరిగి వాయిస్తుంది. స్వరకర్త వింటన్ మార్సాలిస్ ఆమె కోసం రాసిన కాన్చెర్టో, ‘ఫిడిల్ డాన్స్ సూట్’ రికార్డింగుకు 2020లో గ్రామీ వచ్చింది. ఆ సూట్‌లోని స్ట్రాత్‌స్పేకి నికోలా పేరే పెట్టారాయన.