నా కథ ఎవరూ ఎత్తుకుపోలేదు!

మీలో కథ రాసి దిండు కింద దాచుకున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు గానీ, తప్పకుండా ఉన్నారు. ఇంటర్వెల్ దాకా రాసి ఆపేసినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఈ నాలుగు ముక్కలూ వాళ్ళ కోసం. ఇరవై రెండేళ్ళు కలం మూసి కూచున్న ఓ పెద్దమనిషి గోడు అనుకోండి... ఆ పెద్దమనిషిని నేనే!

1998లో నల్గొండ దగ్గరి పల్లె నుంచి కోచింగు కోసమని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. గడ్డిఅన్నారంలో గది. గదిలో నేనూ, మా రూమ్మేటూ. చేతిలో పోటీపరీక్షల పుస్తకాలు, మనసేమో కోణార్క్, వెంకటాద్రి హాళ్ళ దగ్గర! నెలాఖర్లో మెస్సుకు డబ్బుల్లేకపోయినా సెకండ్ షో టిక్కెట్టుకు మాత్రం ఎలాగో పుట్టేవి. షో వదిలాక నడుచుకుంటూ వస్తూ, చూసిన సినిమాను కుట్లు విప్పి మళ్ళీ కుట్టేవాళ్ళం. "ఈడ హీరో నోరు మూసుకుంటే బాగుండేది రా" అనేవాడు మావాడు. గదికి రాగానే నేను రాయడానికి కూచునేవాణ్ణి. వినేవాడు వాడొక్కడే.

అలా తయారైంది నా గొడుగు కథ. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు. జోరువాన. ఉద్యోగం లేని కుర్రాడు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్న అమ్మాయి, ఇద్దరికీ కలిపి ఒక్క గొడుగు. ఫైలు తడవకూడదని కుర్రాడు తాను తడుస్తాడు. 2000లో ఈ కథ పట్టుకుని ఓ నిర్మాత ఆఫీసుకు వెళ్ళాను. గంటసేపు విన్నారు. చాయ్ ఇప్పించారు. "కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు గానీ, మరుసటి ఏడాది ఎవరిదో సినిమా వచ్చింది. అందులో వాన, బస్టాపు, గొడుగు!

ఇంకేముంది... హాల్లోంచి మధ్యలో లేచి వచ్చేశాను. "నా కథ కొట్టేశారు. కేసు వేస్తా. సాక్ష్యం నువ్వే చెప్పాలి" అన్నాను మావాడితో. వాడు కాసేపు ఆలోచించి, "వాన, గొడుగు ఎవనివైనా ఒకటేరా. అది వదిలెయ్యి, ఇంకోటి రాయి" అన్నాడు. నాకది వెన్నుపోటులా తగిలింది. అనరాని మాటలన్నాను. వారం తిరక్కుండా గది ఖాళీ చేశాను. వాడితో మాటలూ, కాగితంతో పనీ రెండూ ఒక్కసారే బంద్!

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఎల్.బి.నగర్‌లో కాపురం. ఎవరైనా "మీరు కథలు రాసేవారట కదా" అంటే చాలు, నా కథ చోరీ అయిన వైనం మొదలుపెట్టేవాణ్ణి. ఎంత రక్తి కట్టించేవాణ్ణంటే, విన్నవాళ్ళు "అయ్యో!" అనకుండా కదిలేవారు కాదు. ఇప్పుడు తలచుకుంటే, అన్నేళ్ళలో నేను చెప్పిన కథ అదొక్కటే.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఆ హాళ్ళ దగ్గరే రెండు బాంబులు పేలాయి. మేమిద్దరం చాయ్ తాగుతూ నిలబడిన చోట్ల మనుషుల ప్రాణాలు పోయాయి. రాత్రి నాకో ఫోను వచ్చింది. "నువ్వు మంచిగనే ఉన్నవా?" పన్నెండేళ్ళ తర్వాత ఆ గొంతు! "ఆ, ఉన్నా" అన్నాను. "సరే" అని పెట్టేశాడు. నువ్వెలా ఉన్నావురా అని నేను అడగలేదు. తర్వాతైనా ఫోను చెయ్యలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

2023 వానాకాలంలో అటక మీది అట్టపెట్టె తడిసింది. "ఇవి పాత పేపర్లవాడికి వేసేదా?" అంది మా ఆవిడ. చూద్దును కదా, గొడుగు కథ! కూచుని మొదట్నుంచీ చదివాను. ఆ సినిమాలో హీరో కోటీశ్వరుడు, హీరోయిన్ డాక్టరు. నా కథకీ దానికీ గొడుగు తప్ప ఏ చుట్టరికమూ లేదు! పోనీ ఆ గొడుగైనా నాదేనా? పేజీ అంచున నా చేతిరాతే ఉంది: "శ్రీ 420 వాన సీనులా రావాలి." 1955లోనే రాజ్‌కపూర్, నర్గీస్ వానలో ఒకే గొడుగు కింద నిలబడ్డారు. అంటే, పోయిందని నేను ఏడ్చిన సొమ్ము నేనే వేరేచోట అరువు తెచ్చుకున్నదన్నమాట!

నిజంగా కథలు పోగొట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ బాధ వేరు. నాది మాత్రం బాధ కాదు, సుఖం. కథ ఎవరో ఎత్తుకుపోయారంటే మళ్ళీ రాయక్కర్లేదు. రాస్తే బాగోదేమోనన్న భయమూ అక్కర్లేదు. ఎంత సుఖమో చూడండి!

సరే, మళ్ళీ మొదలుపెడదామని కూచుంటే చెయ్యి కదల్లేదు. పాత కథనే పూర్తి చేద్దామంటే ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడి మాట నా నోట పలకదు. అప్పుడు గుర్తొచ్చారు ముళ్ళపూడి వెంకటరమణగారు. పత్రికల్లో కథలూ 'బుడుగూ' రాసి పేరు తెచ్చుకుని, 1960లలో సినిమాకొచ్చి, 'సాక్షి' (1967), 'ముత్యాల ముగ్గు' (1975) లాంటి చిత్రాలతో దశాబ్దాలపాటు తెరకు రాసిన మనిషి. అంతటాయన డెబ్భై అయిదు దాటాక మళ్ళీ వారపత్రిక పాఠకుల ముందుకొచ్చి, 'స్వాతి'లో 'కోతి కొమ్మచ్చి' మొదలుపెట్టారు. 2009లో పుస్తకంగా వచ్చింది. తర్వాత మరో రెండు భాగాలు! ఒక వరసంటూ పెట్టుకోకుండా ఓ జ్ఞాపకం మీంచి ఇంకోదాని మీదికి గెంతడమే ఆ పుస్తకం తీరు. దానికి పిల్లలాట పేరే పెట్టుకున్నారు. నేనేమో ఒక్క కొమ్మ విరిగిందని ఇరవై రెండేళ్ళు చెట్టు కిందే కూచున్నాను!

2018 సెప్టెంబరు నుంచి మా ఎల్.బి.నగర్‌కు మెట్రో ఉంది. నా ఆఫీసు లకడీకాపూల్‌లో. రైలెక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోగా ఫోనులో ఒక్క డైలాగు కొట్టాలని నియమం పెట్టుకున్నాను. బాగుందా లేదా అని చూసుకోను. అలా నాలుగు నెలల్లో ఓ కథ అయింది. అదే బస్టాపు, అదే వాన. కాకపోతే నిలబడింది నడివయసు మగవాళ్ళిద్దరు. ఇద్దరికీ మాటల్లేవు. గొడుగు ఒక్కటే. బస్సు రాదు.

ఆత్రేయగారి గురించి పరిశ్రమలో ఓ ఛలోక్తి ఉంది, రాసి ప్రేక్షకుల్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తారని. నేను రాయకపోతే ఏడ్చిన నిర్మాత ఎవరూ లేరు. కానీ ఎదురుచూసిన శ్రోత ఒకడున్నాడేమో అనిపించింది. 2013లో రాసిపెట్టుకున్న నంబరు డైరీలో ఉంది. చేశాను.

"ఎవరూ?"

"నేను రా... ఇంకోటి రాసిన."

అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"ఇన్నేండ్లు పట్టిందారా నీకు?" అన్నాడు. "సరే, చదువు."

పదకొండు పేజీలూ చదివాను. నడుమ ఒక్కసారీ అడ్డు రాలేదు. అయిపోయాక గొంతు సవరించుకుని అన్నాడు:

"నాలుగో పేజీల ఆయన నోరు మూసుకుంటే బాగుండేది రా!"

ఆ డైలాగు కొట్టేశాను. ఇంతకీ మీ దిండు కిందది ఎక్కడ ఆగింది?