చంద్రముఖి కోసం ఎవరేడ్చారు?

దేవదాసు అనగానే మీకెవరు గుర్తొస్తారు? శాలువా కప్పుకుని దగ్గుతూ నాగేశ్వరరావుగారే కదూ! 1953లో ఆ సినిమా వచ్చిన దగ్గర్నుంచీ మన ఇళ్ళల్లో గడ్డం పెంచిన ప్రతి కుర్రాడూ దేవదాసే. పార్వతి అంటే సావిత్రి. మరి చంద్రముఖి? ఆ వేషం లలిత వేసిందని ఎంతమందికి గుర్తుంది చెప్పండి!

నాకు మాత్రం ఆ కథంతా చంద్రముఖిదే. సినిమా సంగతి కాదు, శరత్ నవల సంగతి చెబుతున్నాను. కుర్రతనంలో రాసి పెట్టుకున్న ఆ నవలని ఆయన 1917లో గానీ అచ్చుకివ్వలేదట. శరత్ బాబుని మన ఇళ్ళలోకి తెచ్చిన పుణ్యం చాలావరకు చక్రపాణిగారిది. మదనపల్లె శానిటోరియంలో క్షయకి మందు తింటూ బెంగాలీ నేర్చుకున్న మనిషి! ఆ అనువాదాలు చదివి ఆ రోజుల్లో మన ఆడవాళ్ళు శరత్ తెలుగువాడే అనుకునేవారు. మా అమ్మా అలాగే అనుకునేది.

నేను మొదటిసారి ఆ పుస్తకం అద్దె షాపు నుంచి తెచ్చుకున్నప్పుడు పదహారేళ్ళుంటాయి. అందరిలాగే పార్వతి కోసం ఏడ్చాను. రెండోసారి చదివింది 1984లో. అప్పటికి నా సంగతి వేరు.

మా మేనత్త కొడుకు, మా బావ. నేను పుట్టగానే "నా కోడలు పుట్టింది" అని అత్తయ్య వీధంతా పంచదార పంచిందట. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి ముచ్చట్లు ఉండే ఉంటాయి. పెద్దవాళ్ళకి అదొక సరదా. వేసవి సెలవులకి బావ వస్తే నన్నే మంచినీళ్ళు ఇమ్మనేవారు. అమ్మ కొత్త ఇత్తడి బిందె కొంటే "ఇది దాని కాపురానికి" అని అటక మీద పెట్టేది. ఇదంతా వింటూ పెరిగిన పిల్ల మనసు ఎటు పోతుందో మీకు వేరే చెప్పాలా? బావ మాత్రం నన్నెప్పుడూ ఆ చూపుతో చూడలేదు. "ఏమే బుజ్జీ, ఇంకా లెక్కల్లో గుండుసున్నాయేనా?" అంతే.

బావకి విశాఖపట్నంలో ఉద్యోగమైంది. ఆ ఏడు సంక్రాంతికి వచ్చి, పెరట్లో నన్ను కూర్చోపెట్టి చెప్పాడు. తనతో పనిచేసే అమ్మాయట. వేరే కులం. "అమ్మ నీ మాటైతే వింటుంది, నువ్వే నచ్చచెప్పాలి బుజ్జీ" అన్నాడు.

చెప్పాను. రెండు రోజులు అత్తయ్య పక్కన కూర్చుని చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది. పెళ్ళికి అరిసెలు నా చేతిమీదే. తడిబియ్యప్పిండి, బెల్లం పాకం. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, ఒక్క క్షణం దాటితే రాళ్ళే. ఆ రోజు పాకం ఎంత చక్కగా కుదిరిందంటే, ఇప్పటికీ చుట్టాలు తలుచుకుంటారు.

ఆ రాత్రుళ్ళలోనే నవల మళ్ళీ తీశాను. ఈసారి పార్వతి దగ్గర ఆగలేకపోయాను. పార్వతికి దుఃఖపడే హక్కుంది. చిన్నప్పటి స్నేహం, నుదుటి మీద అతను కొట్టిన మచ్చ, అర్ధరాత్రి అతని గదికి వెళ్ళి అడిగిన ధైర్యం, అతను రాసిన ఉత్తరం, అన్నీ ఉన్నాయి. చంద్రముఖికేముంది? మొదటిరోజు అతను చూపించిన అసహ్యం! దానికే మనసిచ్చి, వృత్తి వదిలేసి, నగా నట్రా అమ్ముకుని, పల్లెటూళ్ళో పాకలో ఉంది. అతని జాడ తెలియకపోతే కలకత్తా వెళ్ళి వెతికింది. తాగి రోడ్డు మీద పడున్నవాణ్ణి ఇంటికి తెచ్చి సేవ చేసింది. కాస్త కోలుకుని ఊళ్ళు తిరగడానికి బయల్దేరుతుంటే, నన్నూ తీసుకెళ్ళమంది. వద్దన్నాడు.

అంతే. ఆ తర్వాత ఆవిడేమైందో శరత్ రాయలేదు. చివరి రోజుల్లో దేవదాసుకి తల్లి ముఖం పక్కన ఆవిడ ముఖం కనిపిస్తుంది గానీ, ఆ సంగతి ఆవిడకి ఎవరు చెబుతారు? పార్వతి ఊళ్ళో చెట్టు కింద అతను పోయాడని ఆవిడకి తెలిసిందో లేదో! రచయిత పుస్తకం చివర మనల్ని దేవదాసు కోసం జాలిపడమని అడుగుతాడు. ఆయనంటే నాకెంత గౌరవమున్నా, అక్కడ మాత్రం కోపమొస్తుంది. తాగి పాడైనవాడికి ఓ కన్నీటిబొట్టు అడిగిన మనిషికి, బాగుపడిన ఆడదానికి ఒక్క పేజీ మిగల్లేదా?

నా బాధ కూడా అలాంటిదే. ఏమైందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఏమీ కాలేదు! మాటిచ్చి తప్పినవాళ్ళు లేరు, మోసం లేదు. ఈ కాలం పిల్లలు వన్ సైడ్ లవ్ అని తేలిగ్గా ఒక పేరు పెట్టేశారు. మాకా పేరు కూడా లేదు. అన్నం సయించకపోతే అమ్మ కామెర్లేమోనని పసరు మందు వేయించింది.

1986లో నా పెళ్ళయింది. మావారు మంచివారు, ఈ కథ ఆయనకి తెలుసు. విని, "పాపం అరిసెలు కూడా నీ చేతే వండించారా!" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. బావ భార్యని నేను అక్కయ్యా అనే పిలుస్తాను. ఇష్టంగానే పిలుస్తాను. అలాగని ఆ నొప్పి అబద్ధం కాదు, దాని చోటు దానిదే.

అత్తయ్య మంచాన పడ్డప్పుడు ఓ నెలరోజులు వెళ్ళి ఉన్నాను. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "వాడి పెళ్ళికి ఒప్పుకోమని వచ్చావు చూడు, అప్పుడు నీ మొహం చూశానే. చూసే ఒప్పుకున్నాను. కాదంటే వాడు నిన్ను చేసుకుని ఇంకా ఏడిపించేవాడు" అంది.

ఒకరికి తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు!

నేనేమీ అనలేకపోయాను. "జావ చల్లారిపోతోంది అత్తయ్యా" అని చెంచా నోటికందించాను. ఆవిడ తాగకుండా నా వంకే చూస్తూ, కొంగుతో నా కళ్ళు తుడిచింది.