‘తేల్చలేను’ అంటే ‘లేదు’ కాదు

మగ్గం మీద పాత భీము, అంటే పడుగు చుట్టిన దూలం, అయిపోయింది, కొత్తది ఎక్కించారు. ఇక పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవాలి. అలాంటివి వేల పోగులు. మామ బొటనవేలు, చూపుడువేలు బూడిదలో అద్దుకొని, రెండు కొసలూ పట్టి ఒక్క మెలిక తిప్పుతాడు. కలిసిపోతాయి. ఎక్కడ కలిసాయో వెతికినా కనపడదు. మళ్లీ పక్క పోగు. మిగతా సాంచాల (మరమగ్గాల) మోతలో మాట వినపడదు గనక పక్కన నిల్చుని చూశాను. గంటసేపు ఆ రెండు వేళ్లు ఆగలేదు. మావాళ్లు దీన్ని వైపని అంటారు.

మేనమామ సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మా పద్మశాలి ఇళ్లలో ఇది కొత్త దారి కాదు. భివండీ, షోలాపూర్, సూరత్ పేర్లు వింటూనే పెరిగాం. లింబాయత్ గల్లీల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

నేను వచ్చింది మామను చూడటానికి. సంపాదకులు అడిగిన వ్యాసమూ వెంట ఉంది: కంప్యూటర్లు ఎవరిని లోపలికి రానివ్వాలో ఎలా తేలుస్తాయి? హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగం ఆ నియమాలు రాయడమే. ఆ సాయంత్రం మామ వెంట రేషన్ దుకాణానికి వెళ్లాక, వ్యాసం అక్కడే ఉందని తెలిసింది.

మామ మిషన్ మీద వేలు పెట్టాడు. పడలేదు. చొక్కాకు తుడుచుకొని మళ్లీ పెట్టాడు. వేళ్లు మార్చాడు. నాలుగోసారి కూడా పడకపోయేసరికి డీలరు తల అడ్డంగా ఊపి, ‘నహీ హోగా చాచా, కల్ ఆనా’ అన్నాడు.

‘పోయిన నెల గూడ గిట్లనే అయింది అల్లుడా. ఏలు అరిగిపోయింది. నేను నేనే అని ఆ మిషన్‌కు ఎట్ల జెప్పాలె?’ అన్నాడు మామ.

వెనక వరసలోంచి ఒక కుర్రాడు అందుకున్నాడు: ‘నీకు ఏలన్న అడిగిండ్రు పెద్దనాయినా. నా కార్డు ఈడ చెల్లనే చెల్లదంట.’

వాళ్లిద్దరికీ దొరికిన మాట ఒకటే, ‘నహీ’. కాని లోపల యంత్రం చెప్పినవి రెండు వేరువేరు జవాబులు. నా బాధంతా అక్కడే.

ఒకప్పుడు రేషన్ కార్డంటే ఒక దుకాణం, ఒక రిజిస్టరు. అందులో పేరుంటే బియ్యం ఇస్తారు, లేకుంటే లేదు. పొట్ట చేతపట్టుకొని ఊరు దాటినవాడి వాటా ఊళ్లోనే ఉండిపోయేది. 2019 ఆగస్టులో తెలంగాణ–ఆంధ్రప్రదేశ్, గుజరాత్–మహారాష్ట్ర జంటలుగా ఒక రాష్ట్రం కార్డు పక్క రాష్ట్రంలో చెల్లడం మొదలైంది. 2020 జనవరి 1 నుంచి 12 రాష్ట్రాలు కలిశాయి. వలస కూలీల కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 29న తీర్పిచ్చి, జూలై నెలాఖరుకల్లా అన్ని రాష్ట్రాలూ ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ అనే ఈ పథకాన్ని అమలు చేయాలని గడువు పెట్టింది. ఇప్పుడు మామ తన 5 కిలోలు సూరత్‌లో తీసుకుంటే, మిగతావాళ్ల వాటా అత్తమ్మ సిరిసిల్లలో తీసుకోవచ్చు.

ఇది చాలా మంచి మార్పు. మా వృత్తిలో దీన్ని ఆట్రిబ్యూట్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్ అంటారు. జాబితాలో పేరు వెతకడం కాదు, లక్షణాలు చూసి నిర్ణయించడం. అడిగేవాడెవరు, అడిగే వస్తువేది, దానితో ఏం చేస్తానంటున్నాడు, అది ఏ సమయం, ఏ చోటు అన్నవి చూడాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో దీని మీద మార్గదర్శక గ్రంథమే వేసింది. రేషన్ దుకాణంలో ఇది కళ్లముందే నడుస్తుంది. డీలరు ముందున్న మిషన్ ద్వారపాలకుడు మాత్రమే. నిర్ణయం సర్వర్‌ది. మామ కార్డు వివరాలు తెలంగాణ జాబితా నుంచి, వేలిముద్ర సరిపోయిందన్న జవాబు ఆధార్ నుంచి రావాలి. జాతీయ ఆహార భద్రత చట్టం కింది కార్డేనా? ఈ నెల వాటా మిగిలుందా? మనిషి అతనేనా? మూడూ సరిపోతే గింజలు తూకానికి వస్తాయి.

ఇలాంటి నియమాలు రాయడానికి ఎక్సాక్‌ఎమ్‌ఎల్ అనే ప్రామాణిక భాష 2003లో వచ్చింది. అందులో జవాబులు రెండు కాదు, నాలుగు: ఇవ్వవచ్చు, ఇవ్వకూడదు, ఈ నియమం వర్తించదు, తేల్చలేను. ఆ కుర్రాడిది మూడో జవాబు. జాతీయ ఆహార భద్రత చట్టం కింది కార్డులే రాష్ట్రం దాటి చెల్లుతాయి. రాష్ట్రం సొంత డబ్బుతో ఇచ్చిన కార్డు దాటదు. మామది నాలుగోది. అతను అర్హుడు కాడని ఎవరూ అనలేదు. ఒక లక్షణం అందలేదు, అంతే. తేల్చలేకపోయింది యంత్రం, ఉత్త సంచితో వెనక్కి తిరిగింది మామ.

ఈ తప్పు మేమూ చేస్తాం. వివరం అందకపోతే ‘ఆపు’ అని ఒక్క వరస రాసి, భద్రత అని పేరు పెడతాం. బ్యాంకు లాకరు గదికి అది సరైన నియమం. ఆకలికి అది తప్పు నియమం. పొరపాటున ఒకరికి ఇస్తే పోయేది 5 కిలోల గింజలు. పొరపాటున ఆపితే ఒక మనిషి నెల తిండి పోతుంది. ఏది పెద్ద నష్టమో ముందే తూచి నియమం రాయాలి.

కేంద్రానికి ఇది తెలియనిదేమీ కాదు. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హుల్ని తిప్పి పంపొద్దని, కార్డు చూసి ఇచ్చి వేరే రిజిస్టరులో రాసుకోమని 2017 అక్టోబర్ 24న ఆహార శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. సొంతూరి దుకాణంలోనైతే అది కుదురుతుంది. డీలరుకు మనిషి తెలుసు, జాబితాలో పేరుంటుంది. సూరత్ డీలరు దగ్గర మామ పేరే లేదు. ఏ వలస కూలీ కోసం ఈ ఏర్పాటు చేశారో, ఆ కూలీకే వేలు తప్ప వేరే ఆసరా లేకుండా పోయింది. అరిగిన వేళ్లు కూడా కూలీలవే. ముప్పై ఏళ్లు పోగులు మెలితిప్పినందుకు చెరిగిన గీతలవి. పని చేశాడనడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

వేలు పడకపోతే కనుపాప, అదీ కాకపోతే ఫోనుకు వచ్చే ఓటీపీ, ఏదీ కుదరకపోతే కార్డు చూసి ఇచ్చి సంతకం. ఈ నాలుగు మెట్లూ ఊరి దుకాణంలోనే కాదు, దేశంలో ఏ దుకాణంలోనైనా ఉండాలి. ఎందుకు ఇవ్వలేదో డీలరు ఆ మనిషి భాషలో కాగితం మీద రాసివ్వాలి. ‘వర్తించదు’ అనిపించుకున్న కుర్రాడు సొంత రాష్ట్రాన్ని అడగాలి. ‘తేల్చలేను’ అనిపించుకున్న మామ ఈ దుకాణాన్నే నిలదీయాలి. ఏ జవాబో తెలియకపోతే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

దూరాన ఉన్న మీవాళ్లెవరికైనా ఇలా జరిగితే, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు సహాయ నంబరు 14445కు ఫోను చేయించండి. నాలా నియమాలు రాసే ఉద్యోగంలో ఉన్నవారికి నా విన్నపం ఒక్కటే: వివరం అందనప్పుడు ఏం చేయాలన్న వరస చివర కాదు, మొదట రాయండి. అది రాసేముందు పోగులు అతికే ఒక మనిషి వేళ్లు చూసి రండి.