మొత్తం దూరం, మొత్తం కాలం

15 జూలై 2019, సోమవారం

ఉదయం బ్యాచ్‌కి కాలం–దూరం మొదలుపెట్టాను. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలే ఎక్కువ. రైల్వే ఎన్‌టీపీసీ నోటిఫికేషన్ వచ్చి నెలలైంది, పరీక్ష తేదీ రాలేదు. పోయేటప్పుడు గంటకు 20 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 60. సగటు వేగమెంత అని అడిగాను. క్లాసంతా 40 అంది. ఖమ్మం అమ్మాయి మాత్రం 30 అంది. ఎలా అంటే షార్ట్‌కట్ సూత్రం చెప్పింది. అదెట్లా వచ్చిందో ఎవరూ నేర్పలేదట. బాధేసింది.

దారి 60 కిలోమీటర్లు అనుకోమన్నాను. పోవడానికి 3 గంటలు, రావడానికి 1. మొత్తం 120 కిలోమీటర్లు, 4 గంటలు. నాలుగింట మూడు గంటలు 20తోనే గడిచాయి కనుక సగటు అటే ఒరుగుతుంది. 40 రావాలంటే రెండు వేగాలతోనూ సమానమైన సేపు నడవాలి.

17 జూలై, బుధవారం

ఇవాళ్టి లెక్క మన మెట్రోదే. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ 29 కిలోమీటర్లు, సుమారు 52 నిమిషాలు. సగటు గంటకు ముప్పై మూడున్నర. రైలేమో 80 దాకా పోగలదు. మరి ఎందుకు తగ్గింది? మొత్తం 27 స్టేషన్లు. మధ్యలో 25 చోట్ల ఆగాలి. ఒక్కోచోట అర నిమిషం వేసుకున్నా పన్నెండున్నర నిమిషాలు ఆగడానికే సరి. అవి తీసేస్తే 44 వస్తుంది. స్టేషన్ల మధ్య దూరం కిలోమీటరు పైచిలుకే, ఎస్.ఆర్. నగర్‌లో కదిలి వేగం అందుకునేలోపే అమీర్‌పేటకు బ్రేకు వేయాలి. బస్సు గంటకు ఎన్ని నిమిషాలు ఆగుతుందని పరీక్షలో అడిగేది సరిగ్గా ఇదే. ఆగిన కాలమూ ప్రయాణ కాలమే. పిల్లలు దీన్ని చప్పున పట్టుకున్నారు, రోజూ ఎక్కే రైలు కదా.

20 జూలై, శనివారం

వెనక బెంచీ అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. 20తో పోయాక, మొత్తం మీద 40 సగటు రావాలంటే ఎంత వేగంతో తిరిగి రావాలి? 80 అన్నారు, 100 అన్నారు. నేను చెప్పలేదు, లెక్క వేయమన్నాను. 120 కిలోమీటర్లను 40తో భాగిస్తే 3 గంటలు. కాసేపటికి వాడే అన్నాడు: "ఆ మూడు గంటలూ పోయేటప్పుడే అయిపోయినయి కద సార్!"

ఏ వేగంతో వచ్చినా కుదరదు. వచ్చే బ్యాచ్‌కి సూత్రం కన్నా ముందు ఈ లెక్కే ఇవ్వాలి.