పదిహేడో ఆటగాడి వూరు

చిత్తూరునుంచి తిరుపతికి బస్సులో పోవడం నాకు కొత్త గాదు. డెబ్బై కిలోమీటర్ల దారి. స్వామి దర్శనానికి కొన్నిసార్లూ, విశ్వవిద్యాలయంలో జవాబు పత్రాలు దిద్దడానికి చాలాసార్లూ పోయినాను. క్రికెట్టుకోసం పోవడం మాత్రం యిదే మొదలు. యీ సంగతి యింట్లో చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే తలకు పోసుకుని తిరుపతికి బయలుదేరినవాణ్ణి యెక్కడికని యెవరడుగుతారు? గుమ్మం దాటుతూవుంటే మా ఆవిడ, "లడ్డు మరిచిపోకండి" అన్నది. అబద్ధం ఆడకపోయినా ఆడినట్టే అయింది.

నన్ను పిలిచినవాడు నా పాత శిష్యుడు. తిరుపతిలో ఏదో చిన్న వుద్యోగం చేసుకుంటూ ఆదివారాలు పిల్లలకు క్రికెట్టు నేర్పుతున్నాడు. పదేళ్ళుగా కంటికి కనిపించనివాడు హఠాత్తుగా ఫోను చేసి, "వొక పూట వచ్చి పోండి సార్" అన్నాడు. పోవాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. కారణం తరువాత చెబుతాను.

బస్సుకు యింకా వ్యవధి వుండడంవల్ల మెసానికల్ మైదానం వైపు నడిచినాను. చిత్తూరు యెరిగినవారికి ఆ మైదానాన్ని గురించి చెప్పనక్కరలేదు. యెరగనివారికి ఒక్క మాట. ఆదివారం పొద్దున అక్కడ ఆరు ఆటలు ఒకేసారి జరుగుతూవుంటాయి. ఒక ఆటలో స్లిప్పులో నిలబడ్డవాడు, పక్క ఆట బౌలరు పరుగెత్తుకొస్తూవుంటే వొదిగి దారి యిచ్చి, మళ్ళీ తన చోటికి వచ్చి నిలబడతాడు. యెవరి బంతి యెవరిదో వాళ్ళకు తెలుసు, మనకు తెలియదు. రాజకీయ సభలకు కూడా అదే చోటు. పందిళ్ళకోసం తవ్విన గుంటలు పూడ్చినా పూర్తిగా పూడవు. నేను చూస్తూవుండగానే ఒక బంతి తిన్నగా వచ్చి, అట్లాంటి గుంటలో పడి, అడ్డం తిరిగి వికెట్టును యెగరగొట్టింది. "యే పార్టీ గుంటరా యిది?" అని ఔటయినవాడు అరిస్తే ఆరు ఆటలవాళ్ళూ ఆగి నవ్వినారు.

అరిచిన కుర్రవాడి వొంటిమీద వెలిసిపోయిన 'ఆడుదాం ఆంధ్రా' చొక్కా వుంది. 2023 డిసెంబరు 26న అప్పటి ప్రభుత్వం మొదలుపెట్టిన పోటీలవి. వూరూరా క్రికెట్టు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడించినారు. అప్పటి క్రీడల మంత్రి మా జిల్లాలోని నగరి శాసనసభ్యురాలు రోజా గారే. ప్రభుత్వం మారిన తరువాత ఆ ఖర్చులమీద విచారణ అన్నారు. చొక్కా మాత్రం యింకా చిరగలేదు.

మైదానం పక్క టీ అంగడిలో యిద్దరు పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. ఒకాయన పూలంగడి ఆసామి, యింకొకాయన రిటైరయిన బస్సు కండక్టరు. మొదట పిల్లల ఆటను గురించే మొదలైందట. నేను కూర్చునే వేళకు అది హనుమ విహారి దాకా వచ్చింది.

"వూరికే దించుతారా అయివోరూ? నోటికొచ్చినట్టు తిట్టినాడంట గదా" అన్నాడు కండక్టరు.

"తిట్టకుండా యెట్లుంటాడు? నాయకుల పిల్లోళ్ళను తెచ్చి జట్టులో పెడితే?"

"ఆ పిల్లోడు ఆడేది నువ్వు జూసినావా?"

"ఆయప్ప తిట్టేది నువ్వు జూసినావా?"

ఇద్దరూ చూడలేదు. నేనూ చూడలేదు. అయినా ముగ్గురికీ గట్టి అభిప్రాయాలున్నాయి.

క్రికెట్టు పట్టని పాఠకులకోసం ఆ కథ క్లుప్తంగా చెప్పాలి. విహారి కాకినాడలో పుట్టినవాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు యెదుర్కొని, 23 పరుగులతో చివరిదాకా నిలబడి, అశ్విన్‌తో కలిసి మన జట్టును వోటమినుంచి తప్పించినాడు. 2023లో మధ్యప్రదేశ్‌తో రంజీ ఆటలో మణికట్టు విరిగితే, కుడిచేతివాటం మనిషి యెడమచేతివాటంగా నిలబడి దాదాపు ఒక్క చేత్తో బ్యాటు వూపినాడు. అలాంటివాడు 2024 జనవరిలో విశాఖపట్నంలో బెంగాల్‌తో ఆట కాగానే ఆంధ్ర జట్టు నాయకత్వం వదులుకున్నాడు. సొంత కారణాలన్నారు. ఫిబ్రవరి 26న ఇండోరులో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్ ముగిసింది. గెలవడానికి 170 కావాలి, ఆంధ్ర 165కే కూలింది. అందులో 55 విహారివి. ఆ రోజే అతడు ఇన్‌స్టాగ్రాములో నోరు విప్పినాడు. బెంగాల్ ఆటలో జట్టులోని పదిహేడో ఆటగాణ్ణి కసిరినాననీ, అతడు తండ్రికి చెప్పుకున్నాడనీ, రాజకీయ నాయకుడైన తండ్రి చెప్పగా సంఘంవారు తనను దిగిపొమ్మన్నారనీ, యిక ఆంధ్రకు ఆడననీ.

ఆ తండ్రి అప్పటి అధికారపక్షానికి చెందిన తిరుపతి కార్పొరేటరు. ఆ కుర్రవాడు తానే ముందుకొచ్చి, విహారి చెప్పింది నిజం గాదన్నాడు. ఆంధ్ర క్రికెట్ సంఘం విహారి మాటతీరుమీద ఫిర్యాదులున్నాయన్నది. విహారే నాయకుడుగా వుండాలని తోటి ఆటగాళ్ళు సంతకాలు చేసిన వుత్తరం బయటపడింది. యెన్నికలకు రెండున్నర నెలలే వున్న రోజులవి. చంద్రబాబునాయుడు గారూ, పవన్ కల్యాణ్ గారూ విహారి పక్షాన ప్రకటనలు చేసినారు. అంతటితో అది క్రికెట్టు తగాదా కాకుండా పోయింది. అంతకుముందు రోజువరకు రంజీ అంటే తెలియనివాళ్ళు కూడా రెండుగా చీలిపోయినారు. యే పార్టీ వాడో తెలిస్తే చాలు, విహారిని గురించి యేమంటాడో అడగకుండానే చెప్పవచ్చు.

"మా ప్రభుత్వం వచ్చినాక న్యాయం జరిగింది లే" అని పూలంగడి ఆయన మాట ముగించబోయినాడు. 2024 జూనులో కూటమి గెలిచిన కొద్దిరోజులకే విహారి లోకేశ్ గారిని కలిసి, తిరిగి ఆంధ్రకే ఆడుతానన్నాడు. క్రికెట్ సంఘంలో పాతవారు దిగిపోయినారు. సెప్టెంబరులో విజయవాడ తెలుగుదేశం పార్లమెంటు సభ్యుడు కేశినేని శివనాథ్ గారు అధ్యక్షులైనారు.

"న్యాయం జరిగితే 2025లో ఆయప్ప త్రిపురకు యెందుకు పోయినాడప్పా?" అన్నాడు కండక్టరు.

పూలంగడి ఆయన టీ గ్లాసులోకి చూసినాడు. ఓడినవాడి ముఖం అంత తేటగా వుండడం చూసి కండక్టరు సంతోషించినాడు గాని, ఆ ప్రశ్న తన పార్టీకీ తగులుతుందని ఆయనకు తోచినట్టు లేదు. ఒక పార్టీవారు సంఘంనుంచి పోతే యింకొక పార్టీవారు వచ్చి కూర్చున్నారు, ఆటగాడు మాత్రం వూళ్ళో లేడు. నేను నా టీ డబ్బులు యిచ్చి లేచినాను.

బస్సు పూతలపట్టు దాటి మామిడితోపుల్లో పడింది. పాకాల వైపు వచ్చేసరికి జిల్లా మారుతుంది. 2022 ఏప్రిల్ 4నుంచి తిరుపతి వేరే జిల్లా. యీ దారిమీద జట్లు మారడం కూడా వింత గాదు. 2019లో చిత్తూరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున గెలిచిన ఆరణి శ్రీనివాసులు గారు 2024లో తిరుపతిలో జనసేన తరఫున గెలిచినారు. క్రికెట్టు ఆడేవాడు రాష్ట్రం మారాలంటే మాత్రం, అభ్యంతరం లేదని పాత సంఘం కాగితం రాసి యివ్వాలి.

యిదంతా యీ కాలపు రోగమని యెవరైనా అంటే నేను వొప్పుకోను. 1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడు సి.కె.నాయుడు. నాగపూరులో పుట్టినా తెలుగువాడు. 1936 పర్యటనలో నాయకత్వం అంతటి ఆటగాడికి రాలేదు. విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ గారికి వచ్చింది. ఆయన మూడు టెస్టుల్లో ఆరుసార్లు బ్యాటు పట్టి మొత్తం 33 పరుగులు చేసినారు. మంచి ఫారంలో వున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే వోడ యెక్కించి యింటికి పంపినారు. ఆ పర్యటన రోజుల్లోనే విజ్జీ గారికి 'సర్' బిరుదం దక్కింది. తరువాతి కాలంలో ఆయన విశాఖపట్నంనుంచి లోకసభకు కూడా వెళ్ళినారు. నాయుడూ తెలుగువాడే, విజ్జీ తెలుగువాడే. యెవరి పక్షం వహించాలో తేల్చుకోవడానికి మనకు పార్టీ కూడా లేదు అప్పట్లో, స్కోరుబోర్డు ఒక్కటే వుంది.

యింత సులభంగా విజ్జీ గారిని యెత్తిపొడిచేసరికి బస్సు చంద్రగిరి చేరింది. కోటను చూస్తూవుంటే నా సంగతి జ్ఞాపకం వచ్చింది.

పదేళ్ళ కిందట నేను పనిచేసే కాలేజీలో ఆటల కమిటీకి నన్ను పెద్దను చేసినారు. తెలుగు చెప్పేవాడికి క్రికెట్టేమిటని అడగకండి. తక్కినవారందరికీ అప్పటికే ఏదో ఒక కమిటీ వుండింది. పదిహేనుమంది పేర్లతో పట్టీ తయారైంది. చివరి పేరు పలమనేరు వైపునుంచి వచ్చే టమోటా రైతు కొడుకుది. లెగ్ స్పిన్ వేసేవాడు. పట్టీ అంటించే ముందురోజు రాత్రి ఒక నాయకుడు ఫోను చేసినాడు. బెదిరించలేదు. "మా మేనల్లుడు అయివోరూ. మీరుండంగా మాకేం దిగుల్లేదు" అని మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే లొంగిపోయినాను. ఆయన పార్టీకే నేను అప్పట్లో ఓటు వేస్తూవచ్చినానని కూడా వొప్పుకోవాలి. అవతలి పార్టీవాడు చేసివుంటే అదే ఫోనును దౌర్జన్యం అని స్టాఫు రూములో అందరికీ చెప్పి, పట్టీని అట్లాగే వుంచివుండేవాణ్ణి. పదిహేనో పేరు కొట్టివేసినాను.

మేనల్లుడు ఆట చక్కగా ఆడినాడు. నన్ను యెక్కువగా బాధించింది అదే. ఫోను లేకపోయినా జట్టులోకి వచ్చివుండేవాడేమో. కాని కాలేజీ వదిలేదాకా అందరూ వాణ్ణి 'ఫోను బ్యాట్సుమన్' అనే పిలిచినారు. యెన్ని పరుగులు చేసినా ఆ పేరు పోలేదు. ఒక రాత్రిలో యిద్దరు పిల్లల ఆట పాడుచేసినాను. తిరుపతి కుర్రవాణ్ణి గురించి జనం మాట్లాడేటప్పుడల్లా, విహారి మాట నిజమైనా కాకపోయినా, నాకు యీ మేనల్లుడి ముఖం కనబడుతుంది.

కొట్టివేసిన పేరుగలవాడే నన్ను పిలిచిన శిష్యుడు.

తిరుపతిలో దిగి విశ్వవిద్యాలయం వైపు ఆటో యెక్కినాను. యెండ ముదరక ముందు కొండ నీలంగా, దగ్గరగా వుంది. తారకరామ స్టేడియం అక్కడే. పేరు రామారావు గారిది. 1983లో ఆయన తిరుపతిలో కూడా పోటీచేసి గెలిచినారు. 2014 ఏప్రిల్ 30న నరేంద్ర మోడీ గారు పెద్ద సభ జరిపి రాష్ట్రానికి ప్రత్యేక హోదా మాట చెప్పింది కూడా యీ స్టేడియంలోనే. దాన్ని దాటుకుని కొంతదూరం పోతే, ముళ్ళచెట్ల పక్కన ఖాళీ నేలలో పాతికమంది పిల్లలు కనిపించినారు. శిష్యుడు యెదురొచ్చి నా చేతిసంచీ అందుకున్నాడు. జుట్టు కొంచెం నెరిసింది.

విహారి సంగతి అడిగినాను. వాడి వృత్తికి దగ్గరి విషయం గదా, ఏదైనా లోగుట్టు తెలుస్తుందని ఆశ.

"నేను ఆ గదిలో లేను గదా సార్" అన్నాడు. కొంచెం ఆగి, "పదిహేడో వాడంటే యేమనుకున్నారు? వుదయం అందరికంటే ముందు లేస్తాడు. అందరికీ బంతులు వేస్తాడు, నీళ్ళు మోస్తాడు. ఆట మాత్రం ఆడడు. వాణ్ణి కసిరినా పట్టించుకునేవాడుండడు. పట్టించుకునే తండ్రి వుంటే, యిక వాడు ఆడినా యెవరూ నమ్మరు. నాయకుడికి కసిరే హక్కు లేకపోతే జట్టు నడవదు. రెండూ నిజమే సార్."

నేను గొంతు సవరించుకుని, "ఆ రోజు పట్టీ సంగతి..." అన్నాను.

"అప్పుడే తెలుసు సార్. ఆఫీసులో అటెండరు చెప్పినాడు."

"మరి నన్నెందుకు పిలిచినావు?"

"అంపైరు తక్కువైనాడు సార్."

తెల్లటోపీ ఒకటి నా తలమీద పెట్టి, ఆరు గులకరాళ్ళు చేతిలో పోసినాడు. వద్దనే వ్యవధి యివ్వలేదు. రెండు ఓవర్లు సాఫీగా సాగినాయి. మైదానం అంచున ఒక తెల్లకారు ఆగి వుంది. అందులోంచి దిగిన మనిషి చేతులు కట్టుకుని ఆట చూస్తున్నాడు. బ్యాటింగు చేస్తున్న పిల్లవాడు మాటిమాటికీ అటు చూస్తున్నాడు. మూడో ఓవరులో బంతి వాడి కాలికి తగిలింది. పదిమంది పిల్లలు గొంతు చించుకుని నా వైపు తిరిగినారు. తెల్లకారు మనిషి కూడా నా వైపే చూసినాడు. పదేళ్ళ బాకీ తీర్చుకునేవాడిలాగా నేను వేలు పైకెత్తినాను.

పిల్లవాడు తలవంచుకుని వెళ్ళిపోయినాడు. శిష్యుడు మెల్లగా నా దగ్గరికి వచ్చినాడు.

"యెవరి కొడుకో నాకు తెలియదు. అడగలేదు కూడా" అన్నాను, కొంచెం గర్వంగానే.

"అది సరే సార్" అన్నాడు, "బంతి లెగ్ స్టంపు బయట గదా పడింది?"

పిల్లవాణ్ణి వెనక్కి పిలిపించి ఆ ఓవరు మళ్ళీ కొనసాగించినాము.